కారు సెల్ఫ్ గరగరమంటోందా? పళ్ళు చూపించమనండి!

మీ మిక్సీ జారు తిరగేసి ఒక్కసారి అడుగు చూడండి. నల్లగా పువ్వులాంటి బిళ్ళ ఒకటి ఉంటుంది. దాన్నే కప్లర్ అంటారు. అది కింద మోటారు మీదున్న పళ్ళలో సరిగ్గా కూర్చుంటేనే లోపల బ్లేడు తిరుగుతుంది. ఏళ్ళ తరబడి కొబ్బరీ, పప్పూ రుబ్బి రుబ్బి ఆ పువ్వు రేకలు అరిగిపోతాయి. అప్పుడు మోటారు బర్రుమని తిరుగుతుంది గానీ పచ్చడి మాత్రం కదలదు. అంతమాత్రాన మిక్సీ పోయిందని పాత సామానువాడికి వేసేస్తామా? కప్లర్ తెచ్చి వేయించుకుంటాం.

పాత కార్లలోనూ అచ్చం ఇలాంటిదే ఒకటుంది. కానీ అక్కడ మనకి ఆ పోలిక తట్టదు. తాళం తిప్పగానే అంబాసిడరో ఫియట్టో గరగరమని పళ్ళు నూరిందంటే చాలు, "ఇక దీని పనైపోయింది, అమ్మేద్దాం" అనే మాట ఇంట్లో మొదలవుతుంది. మగవాళ్ళు ఊళ్ళో లేనప్పుడు వచ్చిన మెకానిక్ ఏం చెప్తే అదే మనకి వేదం. అందుకే ఈ సంగతి మనకే ఎక్కువ తెలియాలని నా అభిప్రాయం.

పటమట నుంచి బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు వైపు వెళ్తే ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో షెడ్డు కింద గుడ్డ కప్పుకుని ఓ పాత కారు కనిపిస్తుంది. మావయ్యగారు కొన్నదనో, పిల్లల పెళ్ళిళ్ళన్నీ అందులోనే చేశామనో అట్టిపెట్టుకుంటారు. అంబాసిడర్ కారు 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారవడం మొదలైంది. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మూలం. 2014 మే నెలలో ఆ తయారీ ఆగిపోయింది. మనం ఫియట్ అని పిలుచుకునేది ఇటలీ వాళ్ళ ఫియట్ 1100. బొంబాయిలో తయారై, 1970ల్లో ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకుంది. చిత్తోడు రాణి పద్మిని పేరండీ! అదీ ఆగిపోయి ఇరవయ్యేళ్ళు దాటింది. అంటే ఒకసారి ఇనప కొట్టుకి తోలేశామంటే మళ్ళీ కొత్తది కొనుక్కునే దారి లేదు.

చిన్న చక్రం, పెద్ద చక్రం

ఇంజను తనంతట తాను కదలదు. ఎవరో ఒకరు మొదటి నాలుగు చుట్లు తిప్పిపెట్టాలి. ఆ పని చేసేది స్టార్టర్ మోటారు. మన మెకానిక్కులు ముద్దుగా 'సెల్ఫ్' అంటారు. ఇంజను వెనకాల ఫ్లైవీల్ అని బరువైన ఇనప చక్రం ఉంటుంది. తిరగలి పై రాయి ఒకసారి ఊపందుకుంటే ఎలా తిరుగుతుందో, ఇదీ అలాగే ఇంజనుని ఊపులో ఉంచుతుంది. దాని అంచుకి గాజు తొడిగినట్టు ఒక ఇనప రింగు బిగించి ఉంటుంది. ఆ రింగు చుట్టూ వందకు పైగా పళ్ళు. సెల్ఫ్ మోటారు కొసన చిన్న చక్రానికి తొమ్మిదో పదో పళ్ళు. తాళం తిప్పినప్పుడు ఈ చిన్నది ముందుకు జరిగి, పెద్దదాని పళ్ళలో దూరి గిర్రున తిప్పుతుంది. ఇంజను అందుకోగానే వెనక్కి వచ్చేస్తుంది.

చిన్న చక్రం ముందుకి ఎలా జరుగుతుందంటారా? పాత అంబాసిడర్లలో దానికి బెండిక్స్ అనే ఏర్పాటుంది. మరలున్న కడ్డీ మీద నట్టులాగా చిన్న చక్రం ఉంటుంది. కడ్డీ ఒక్కసారిగా తిరిగితే, చక్రం దాని వేగం అందుకోలేక మర వెంట ముందుకి జారుతుంది. తెలివైన ఏర్పాటే. కాకపోతే తిరుగుతున్న చక్రం వచ్చి నిలబడి ఉన్న చక్రాన్ని గుద్దుకుంటుంది. రోజుకి నాలుగైదుసార్ల చొప్పున ముప్ఫై, నలభై ఏళ్ళపాటు గుద్దితే ఏ ఇనుము మాత్రం అరగదు చెప్పండి?

ఇక్కడో మాట చెప్పుకోవాలి. ఈ సెల్ఫ్ రాకముందు కారుకి ముందునుంచి హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పేవారు. ఇంజను ఒక్కోసారి వెనక్కి తన్నేది. మణికట్లు విరిగేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఆయన కరెంటుతో తిరిగే సెల్ఫ్ తయారుచేస్తే, 1912లో క్యాడిలాక్ కార్లకి దాన్ని పెట్టారు. ఆడవాళ్ళు ధైర్యంగా కారు నడపడం పెరగడానికి ఇదొక పెద్ద కారణమంటారు. కాబట్టి ఈ యంత్రం మీద మనకి కాస్త చనువుండటంలో తప్పులేదు.

రెండే రెండు చోట్ల అరుగుదల

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. రింగుకి వంద పళ్ళుంటే వందా సమానంగా అరగాలి కదా! అలా జరగదు. రెండే రెండు చోట్ల, అదీ ఎదురెదురుగా అరుగుతాయి. మిగతా పళ్ళు కొత్తవిలా ఉంటాయి.

ఎందుకంటే, సైకిల్ పంపు మూతిని బొటనవేలితో మూసి పంపు కొట్టి చూడండి. లోపలి గాలి చెయ్యిని వెనక్కి తంతుంది. ఇంజను సిలిండర్లలోనూ గాలి అలాగే నలుగుతుంది. మనం తాళం తీసేశాక ఇంజను ఇంకో రెండు చుట్లు తిరిగి, ఓపిక అయిపోయాక, ఏదో ఒక సిలిండరులో నలుగుతున్న గాలిని దాటలేక అక్కడ ఆగిపోతుంది. అంబాసిడర్‌కీ, ఫియట్‌కీ నాలుగేసి సిలిండర్లు. ప్రతి అరచుట్టుకీ ఒక సిలిండరు ఇలా అడ్డం పడుతుంది. అందువల్ల ఇంజను ఎప్పుడు ఆగినా ఇంచుమించు ఆ రెండు చోట్లలో ఒకచోటే ఆగుతుంది. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే చిన్న చక్రం వచ్చి గుద్దేది ఆ నాలుగైదు పళ్ళనే. గుమ్మం దగ్గర మెట్టు ఒకే చోట అరిగినట్టు!

దీన్నిబట్టి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. సెల్ఫ్ కొట్టగానే గరగరమని పళ్ళు రాసుకున్న చప్పుడొచ్చి ఇంజను కదలలేదనుకోండి. తాళం పూర్తిగా తీసెయ్యండి. కారు చదునైన చోట ఉండాలి. ముందూ వెనకా పిల్లలు లేకుండా చూసుకోండి. గేరు నాలుగులో వేసి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఇద్దరు కలిసి కారుని పక్కనుంచి పట్టుకుని ఒక జానెడు ముందుకీ వెనక్కీ ఊపండి. కారు గేర్లో ఉంది కాబట్టి చక్రాలతో పాటు ఫ్లైవీల్ కూడా కొంచెం తిరుగుతుంది. ఇప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి, గేరు తీసేసి, మళ్ళీ సెల్ఫ్ కొట్టండి. ఠక్కున అందుకుందా? అయితే మీ ఇంజనుకి ఏ జబ్బూ లేదు. రింగు పళ్ళు ఒకచోట అరిగాయంతే.

ఇలా ఎన్నిసార్లు అవుతోందో గుర్తుండదు కదా. వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే గరగరమన్న రోజున ఓ చుక్క పెట్టండి. నెలకి రెండు చుక్కలైతే ఇంకా వ్యవధి ఉంది. వారానికి మూడు పడుతున్నాయంటే ఇక ఆలస్యం చెయ్యకండి. అరిగిన పన్ను పక్క పన్నుని కూడా తినేస్తుంది. చిన్న చక్రం పళ్ళూ దానితోపాటే పాడవుతాయి.

కంకిపాడు దగ్గర మా పిన్నిగారి ఇంట్లో జరిగింది చెప్తాను. బాబాయిగారు పోయాక ఆయన అంబాసిడర్ షెడ్డులోనే ఉండేది. ఆవిడ కారు నడపదు గానీ, మెట్ట చేనుకి వెళ్ళాలన్నా, ఆస్పత్రికి వెళ్ళాలన్నా పొలం చూసే కుర్రాడు అందులోనే తీసుకెళ్ళేవాడు. ఓ ఏడాది సెల్ఫ్ గరగరమనడం ఎక్కువైంది. దగ్గర్లో ఒక మెకానిక్ వచ్చి, బానెట్ ఎత్తి చూసి, "ఇంజను చెయ్యాలమ్మా" అన్నాడు. అతను చెప్పిన డబ్బుకి పిన్ని గుండె జారిపోయింది. రెండో రోజుకే ఎవరో బ్రోకరు ప్రత్యక్షమై ఇనప రేటు కట్టి అడిగాడు. ఆవిడ ఇచ్చేద్దామనే అనుకుంది. "ఆయన పోయాక ఆయన కారు ఎందుకులే" అంది కూడా. మా వారు వెళ్ళి, పైన చెప్పినట్టు గేర్లో వేసి ఊపి, మళ్ళీ సెల్ఫ్ కొడితే బండి శుభ్రంగా స్టార్టయింది. బ్రోకరుని పంపేశారు.

ఇంతకీ ఆ మెకానిక్ అబద్ధమాడాడా, తెలియక అన్నాడా అన్నది నాకు అనవసరం. సెల్ఫ్ మోటారు విప్పి చూడకుండానే ఇంజను చెయ్యాలన్నాడు, అదీ నా అభ్యంతరం. సెల్ఫ్‌ని రెండు బోల్టులతో బిగిస్తారు. అది తీసేస్తే ఆ కంతలోంచి రింగు పళ్ళు కంటికి కనిపిస్తాయి. టార్చిలైటు వేసి, తాళం తీసేసి ఉంచి, హ్యాండిల్‌తో ఇంజనుని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పిస్తే రింగంతా చూడొచ్చు. బాగున్న పన్ను అంచు తిన్నగా ఉంటుంది. అరిగినది వాడిపోయిన వెల్లుల్లి రెబ్బలా ఒక పక్కకి సన్నబడి, మొన విరిగి ఉంటుంది. "బాబూ, ఆ పళ్ళు నాకు ఒకసారి చూపించు" అని అడగండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. చూపించని మెకానిక్‌కి బండి ఇవ్వకండి.

చెవి పెట్టి వినండి

గరగర శబ్దమొచ్చిన ప్రతిసారీ రింగే పోయిందనుకోకూడదు. ఒక్కో జబ్బుకి ఒక్కో చప్పుడు. కారు వీధిలోకి వెళ్ళేటప్పుడు వంటింట్లోంచి వినేది మనమే గనక మనకే బాగా తెలుస్తుంది.

తాళం తిప్పితే టక్‌మని ఊరుకుంటే, లేదా టకటకటకమని కొట్టుకుంటే ముందు బ్యాటరీ సంగతి చూడాలి. ఇంజను మూలుగుతూ బరువుగా తిరిగినా అంతే. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూడండి. దీపాలు కొడిగట్టినట్టయితే బ్యాటరీలో బలం లేదు, లేదా వైరు ఎక్కడో వదులుగా ఉంది. జుయ్యిమని మోటారు ఒక్కటే తేలిగ్గా తిరిగి, ఇంజను అస్సలు కదలకపోతే, బెండిక్స్ మర మురికిపట్టి చిన్న చక్రం ముందుకి రావడం లేదన్నమాట. ధన్‌మని ఒక్క దెబ్బ కొట్టి, దీపాలు మందగించి, అంతా బిగుసుకుపోతే చిన్న చక్రం రింగులో ఇరుక్కుంది. దీనికీ ఆ గేర్లో వేసి ఊపే వైద్యమే. చాలా పాత సెల్ఫ్ మోటార్లలో వెనకవైపు చిన్న మూత కింద కడ్డీ కొస నలుచదరంగా ఉంటుంది. స్పానరు పెట్టి దాన్ని తిప్పినా ఊడి వస్తుంది. ఇంజను స్టార్టయ్యాక కూడా కీచుమని అరుపు ఆగకపోతే మాత్రం చిన్న చక్రం వెనక్కి రాలేదని అర్థం. వెంటనే తాళం తీసెయ్యాలి. లేకపోతే మోటారు కాలిపోతుంది.

వీటిలో చాలావాటికి కారణం బ్యాటరీ దగ్గర మనం చూపించే అశ్రద్ధే. సెల్ఫ్ తిరిగే ఆ కాసేపట్లో అది వంద ఆంపియర్లకు పైనే కరెంటు లాగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే చిన్న చక్రం సగం దూరి, జారి, మళ్ళీ గుద్దుకుంటుంది. అలా పళ్ళ కొసలు చిట్లుతాయి. బ్యాటరీ కొసల మీద సున్నంలా తెల్లగానో పచ్చగానో పేరుకుంటుంది చూడండి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్షుతో రుద్దితే బుసబుసా పొంగి పోతుంది. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల లోపలికి పోనివ్వకండి. వైర్లు తీసి చేయించండి, ఉంగరం, గాజులు పక్కన పెట్టుకోండి. తుడిచి ఆరాక బిగించి, పైన కాస్త వాజిలైన్ రాస్తే మళ్ళీ తొందరగా పట్టదు. ఇంజనుకీ బాడీకీ మధ్య ఎర్త్ వైరు ఒకటుంటుంది. అది తుప్పుపట్టినా ఇదే తంటా.

బెండిక్స్ మీద నూనె పొయ్యమని ఎవరైనా అంటే వినకండి. తలుపు బందుకి నూనె వేస్తే బాగుంటుంది గానీ ఇక్కడ కాదు. క్లచ్ ప్లేటు అరిగిన పొడి ఆ గూట్లోనే ఎగురుతుంటుంది. నూనె ఉంటే ఆ పొడి జిడ్డులా అంటుకుని చక్రాన్ని జరగనివ్వదు. కిరసనాయిలుతో కడిగి, పొడిగా ఆరనివ్వాలి. అంతే.

సెల్ఫ్ బిగించిన బోల్టులు వదులైనా రెండు చక్రాలూ తిన్నగా కలవవు. కొత్త సెల్ఫ్ కొనమనేలోపు ఆ రెండు బోల్టులూ బిగించి చూడమనండి. ఒక్కోసారి జబ్బు అంతటితోనే పోతుంది. ఇంకొకటి, బండి స్టార్టవకపోతే మన మగవాళ్ళు కోపంతో నిమిషంపాటు సెల్ఫ్ నొక్కి పట్టుకుంటారు. పది సెకన్లు కొట్టి, అరనిమిషం ఆగి మళ్ళీ కొట్టాలి. ఇంజను ఇంకా పూర్తిగా ఆగకుండా తిరుగుతుండగా మళ్ళీ తాళం తిప్పడం అన్నిటికన్నా చెడ్డది. పళ్ళకి అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి లేదు.

పాకం ముదిరితే పనికిరాదు

రింగు నిజంగానే అరిగిందనుకుందాం. రింగు ఒక్కదాని ధర పెద్ద లెక్కలోది కాదు. కానీ అది ఇంజనుకీ గేరు బాక్సుకీ మధ్య ఉంటుంది. గేరు బాక్సు దించాలి, క్లచ్ విప్పాలి, ఫ్లైవీల్ ఊడదియ్యాలి. కూలి అంతా అక్కడే. అందుకని రింగు ధర, లేతు పని, విప్పి బిగించే కూలి మూడూ విడివిడిగా చెప్పమని అడగండి. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి క్లచ్ ప్లేటు అరిగిందేమో అప్పుడే చూసుకోవాలి. దానికోసం ఆర్నెల్లకి మళ్ళీ గేరు బాక్సు దించడం శుద్ధ దండగ.

రింగు ఎక్కించే పద్ధతి మన పల్లెటూళ్ళలో చిన్నప్పుడు చూసిందే. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎలా వేసేవారో గుర్తుందా? పిడకల మంటలో పట్టా కాల్చి, వేడికి సాగిందాన్ని చెక్క చక్రానికి తొడిగి, నీళ్ళు గుమ్మరిస్తే చల్లారి బిగిసిపోయేది. ఇక్కడా అంతే. చల్లగా ఉన్న ఫ్లైవీల్ మీద వేడి చేసిన రింగుని దింపుతారు. చల్లారాక అదే పట్టేసుకుంటుంది. తేడా ఏమిటంటే నీళ్ళు పొయ్యకూడదు, గాలికే ఆరాలి. ఇంకా ముఖ్యం, మంట ఎంతన్నది. ఇనుము వేడెక్కేకొద్దీ మొదట గడ్డి రంగు, తర్వాత ఊదా, ఆ పైన నీలం తిరుగుతుంది. అంబాసిడర్ పెట్రోలు ఇంజను రకానికి 300 డిగ్రీలు దాటి లేత నీలం వచ్చేవరకూ వేడి చేస్తే చాలు, 400 దాటకూడదు. అరిసెల పాకం ఒక్క నిమిషం ముదిరితే ఏమవుతుందో మనకి చెప్పాలా! ఇక్కడ కూడా ఎర్రగా కాల్చేశారంటే పళ్ళ గట్టిదనం పోయి ఏడాదికే మళ్ళీ అరుగుతాయి. ఒక్కచోటే గ్యాసు మంట పెట్టకుండా రింగు చుట్టూ సమానంగా తిప్పుతూ వేడి చేసేవాళ్ళే పని తెలిసినవాళ్ళు.

కొత్త రింగు దొరక్కపోతే కొందరు పాతదాన్నే వేడి చేసి తీసి, పావు చుట్టు జరిపి మళ్ళీ తొడుగుతారు. అరిగిన పళ్ళు పక్కకి పోయి, బాగున్నవి దెబ్బ తినే చోటికి వస్తాయి. ఇది మంచి పనే, కొన్నేళ్ళు నడుస్తుంది. అరిగిన పళ్ళ మీద వెల్డింగు పెట్టి ఆకురాయితో రాసి ఇచ్చే పద్ధతి కూడా ఒకటుంది. అది నాకు నచ్చదు. ఒక పన్ను మెత్తన, ఒక పన్ను పెళుసు అయి, ఎప్పుడో విరిగి గూట్లో పడుతుంది. ఏది చేయించినా చిన్న చక్రం కూడా పళ్ళు అరిగి ఉంటే మార్చాల్సిందే. పాత చక్రం కొత్త రింగుని తినేస్తుంది.

పటమట వాళ్ళకి ఆటోనగర్ పక్కనే ఉండటం ఒక వరం. లారీ బాడీలు కట్టే దగ్గర్నుంచి సెల్ఫ్ మోటారు చుట్టే దాకా అన్ని పనులూ తెలిసినవాళ్ళు అక్కడున్నారు. ఒక్క షాపులో అడిగి ఊరుకోకుండా రెండు మూడు చోట్ల కనుక్కోండి. కొత్త రింగు కొనేముందు పాతదాని పళ్ళు లెక్కపెట్టించి, చుట్టుకొలత సరిచూడమనండి. మోడల్ మారితే పళ్ళ లెక్క మారొచ్చు.

నీళ్ళు తగిలిన బండ్ల సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు కార్లూ మునిగాయి. సెల్ఫ్ మోటారు ఇంజనుకి కింది భాగంలో ఉంటుంది గనక మొదట మునిగేది అదే. ఫ్లైవీల్ గూట్లోకి బురద చేరుతుంది. అలాంటి బండికి నీళ్ళు తియ్యగానే తాళం తిప్పి చూడాలన్న ఆత్రం వద్దు. ఇంజనులో నీళ్ళుంటే లోపలి కడ్డీలు వంగిపోతాయి, బురదలో సెల్ఫ్ తిరిగితే పళ్ళు ఆకురాయితో రాసినట్టు అరుగుతాయి. బ్యాటరీ వైరు తీసేసి, బండిని లాగించుకుని వెళ్ళి, సెల్ఫ్ విప్పించి ఆరబెట్టించాలి.

మా పిన్నిగారి బండికి ఆటోనగర్‌లో ఒక పెద్ద మిస్త్రీ చేత కొత్త రింగే వేయించారు. మూడు రోజులు పట్టింది. పాత రింగు తీసేటప్పుడు ఉలితో ఒకచోట తెగ్గొట్టాలి కాబట్టి అది ఇంక దేనికీ పనికిరాదన్నాడు మిస్త్రీ. పిన్ని ఒప్పుకోలేదు, డిక్కీలో వేయించుకుని ఇంటికి తెచ్చుకుంది. దొడ్లో నీళ్ళ కుండకి కుదురులా ఇప్పుడు దాన్నే వేసింది.